నలుగురు సాక్షులు

ఎర్ర చీటీ ఇచ్చేటప్పుడు మనిషి మొహం చూడకూడదని తవిటమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే తెలుసుకుంది. మొహం చూస్తే మాట తడబడుతుంది. అందుకని చేతులు చూసేది. వలతాడు కోసిన చేతులు, సున్నానికి పొక్కిన చేతులు, ఉంగరం వదులైపోతే దారం చుట్టుకున్న చేతులు. మూడేళ్ళలో నలభై మందికి ఇచ్చింది.

నలభై ఒకటో చీటీ కోసం ముందుకొచ్చిన చేతులు జీడిపిక్కల నూనెకి నల్లగా మాడి, వేళ్ళ కొసల్లో తోలు లేచి ఉన్నాయి. అవి ఆమె తోడబుట్టిన అప్ప పైడితల్లి చేతులు.

"ఏటే, అలగ నిలబడిపోనావు? ఏటి రాసుంది అందులో?" అంది పైడితల్లి.

"ఏటీ లేదప్పా. మందులు మార్చాలంట. మళ్ళీ పిలుస్తారు."

"అంతేనా! నీ మొకం చూసి, నా పెద్దకర్మకి రోజు రాసిచ్చేసినారేమో అనుకున్నాను."

"నోరు ముయ్యవే. బస్సెల్లిపోద్ది," అని పైడితల్లి మొగుడు అప్పన్న ఆమె చెయ్యి పట్టుకుని లేవదీశాడు. వాళ్ళిద్దరూ మెట్లు దిగి పలాస బస్సు వైపు నడిచారు. పైడితల్లి రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. తవిటమ్మ కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఆ ఉద్యోగంలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అదే.

సముద్రం కనిపించే ఆ కొండ మీద డాక్టర్ సదాశివ పట్నాయక్ గారు పదకొండేళ్ళు కష్టపడి కట్టిన యంత్రం ఒకటుంది. బీరువా అంత ఉంటుంది. రోగి ఛాతీకి నాలుగు తీగలు అంటించి గంటసేపు ఉంచితే గుండె చప్పుడు విని ఒక సంఖ్య చెబుతుంది; ఆ తరవాత లయ మారితే కొత్త సంఖ్యని వెంటనే చూపిస్తుంది. సెకనుని రెండువేల ముక్కలు చేస్తే ఒక ముక్కని అక్కడ టిక్కు అంటారు. లయ తప్పిన గుండె ఈ క్షణంలో ఎలా కొట్టుకుందో, అచ్చం అలాగే మళ్ళీ కొట్టుకోవాలంటే ఎన్ని టిక్కులు గడవాలి? ఆ లెక్కే ఆ సంఖ్య. మంచి గుండెకి నాలుగైదు అంకెలు దాటదు. జబ్బు గుండెకి పది అంకెలు, పదకొండు అంకెలు కూడా వస్తాయి.

దీన్ని తవిటమ్మ తన పద్ధతిలో అర్థం చేసుకుంది. ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచుతున్నారనుకోవాలి. చేతులు కుదిరినంతసేపూ రోకళ్ళు వరసగా పడతాయి. ఒకామె వెంట్రుకవాసి వెనకబడితే ఇక ఒకదానికొకటి తగులుకుంటాయి. మళ్ళీ మొదటి వరస రావాలంటే నెలలు పట్టవచ్చు. డాక్టరు గారి యంత్రం ఆ పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడదీసి, ఏ రోకలి ఎంత వేగంతో పడుతోందో కనుక్కుంటుంది. తరవాత తీగల గుండా సన్నగా విద్యుత్తు పంపి ఒక్కో రోకలినీ తట్టి వరసలోకి తెస్తుంది. అలా రెండువందల మందికి పైగా నడుచుకుంటూ ఇళ్ళకి వెళ్ళారు.

కానీ కొందరి సంఖ్య దేనితోనూ విడిపోదు. అది ప్రధాన సంఖ్య. అక్కడివాళ్ళు ఒంటి అంటారు. ఒంటి గుండెలో ఉన్నది ఒక్కటే రోకలి, తట్టడానికి చోటు లేదు. మొదటి ఏడాది తెలియక ఇద్దరు ఒంటి గుండెల వాళ్ళని తట్టారు. ఇద్దరూ బల్ల మీదే పోయారు. ఆ తరవాత డాక్టరు గారు యంత్రానికి ఒక పరీక్ష పెట్టారు. అంత పెద్ద సంఖ్యని ఒక్కొక్క అంకెతో భాగించి చూడాలంటే ఆ యంత్రానికి గంట పడుతుంది. అదే, రెండుని ఆ సంఖ్య చెప్పినన్నిసార్లు హెచ్చవేసుకుంటూ, వచ్చినదాన్ని ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం రెండే మిగిలిందా, అది ఒంటి. ఇది నిమిషం పని. అదే ప్రశ్న మూడునీ, ఐదునీ, ఏడునీ కూడా అడుగుతుంది. ఆ నాలుగింటినీ డాక్టరు గారు సాక్షులంటారు. నాలుగూ అవునంటే ఎర్ర దీపం వెలుగుతుంది. కార్డు ఇనప సొరుగులోకి పోతుంది. దాన్ని మళ్ళీ ఎవరూ తీయరు. ఎర్ర చీటీ అందుకున్నవాళ్ళు ఆరు నెలలు బతికితే ఎక్కువ.

పైడితల్లి సంఖ్య 21,51,52,21,081.

తవిటమ్మ కార్డుని సొరుగులో పెట్టింది గానీ గుండె గీత గీసిన కాగితం చుట్టని మాత్రం పెట్టలేకపోయింది. మూడేళ్ళుగా ఆ చుట్టల్ని చుట్టి దారం కట్టేది ఆమే. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు గానీ, ఆమె వాటిని చూస్తూ చుట్టేది. అప్ప గీతలో మిట్టలు మూడు రకాలుగా ఉన్నాయి. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి పక్కకి ఒరిగినట్టు. ఒంటి గుండెకి మూడు మిట్టలెందుకు?

మర్నాడు పొద్దున్నే డాక్టరు గారి గదికి వెళ్ళింది.

"సార్, మా అప్ప కార్డు ఇంకోసారి చూస్తారా?"

పట్నాయక్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకి ఆ రాత్రి నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. "నీకు అప్ప అని తెలిసి నేనే రెండుసార్లు వినిపించానమ్మా. రెండుసార్లూ అదే సంఖ్య. నలుగురు సాక్షులూ ఒకటే మాట."

"నలుగురూ తప్పు చెబితే సార్?"

"ఒకళ్ళు పొరబడతారు. నలుగురూ ఒకే తప్పు చెప్పాలంటే ముందే కూడబలుక్కోవాలి. అంకెలు కూడబలుక్కోవమ్మా." ఆయన గొంతు తగ్గించారు. "నేను ఇద్దర్ని నా చేతులతో చంపాను. మూడోసారి నావల్ల కాదు. అందులోనూ నీ అప్పని."

యంత్రం మీద చెయ్యి వేసే అధికారం తవిటమ్మకి లేదు. ఆఫీసులో కాలిక్యులేటర్ ఉంది గానీ దాని కిటికీలో ఎనిమిది అంకెలే పడతాయి. పదకొండు అంకెల సంఖ్యని అది లోపలికి రానివ్వదు. అందుకని పెన్సిల్ చెక్కుకుని, పనికిరాని కాగితం చుట్టల్ని వెనక్కి తిప్పి, భాగహారం మొదలుపెట్టింది.

మూడు పోదు. అంకెలన్నీ కూడితే ఇరవై ఎనిమిది. ఐదు పోదు. ఏడు, శేషం మిగిలింది. పదకొండు, పదమూడు, పదిహేడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పే వేళలో కొన్ని, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కొన్ని. ఏ సంఖ్యలు ప్రధాన సంఖ్యలో తెలియడానికి, రెండువేల దాకా అంకెలు వరసగా రాసుకుని రెండేసి, మూడేసి, ఐదేసి కొట్టేసుకుంటూ పోయింది. మిగిలినవి ఒక్కొక్కటిగా ప్రయత్నించడమే. రోజుకి పది, పదకొండు. చేతి చిటికెన వేలి పక్కంతా పెన్సిల్ మసి.

ఆదివారం పలాస వెళ్ళింది. పైడితల్లి గుమ్మంలో చేరబడి చేతులకి ఆముదం రాసుకుంటోంది.

"రా రా, ఆఫీసరమ్మా. మందులు మార్చినారా?"

"ఇంకా లేదు. చెయ్యి ఇలా తే."

"చేతులు నల్లబొగ్గుల్లాగున్నాయి. నీకు మసి అంటుకుంటాది."

"నాకున్న మసి చాల్లే. తే." తవిటమ్మ మణికట్టు మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుంది. నిబ్బరంగా ఒకటి. సన్నగా ఒకటి. ఆలస్యంగా, వచ్చీ రానట్టు ఇంకొకటి. మూడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడు.

"ఏటే, జోస్యమా? మారాజయోగం ఉందా?"

"ఉంది. నోరు ఎక్కువని కూడా ఉంది."

పైడితల్లి పెద్దగా నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. ఊపిరి అందడానికి అంతసేపు పట్టింది. ఆమె మొహం నీలంగా మారడం చూస్తూ తవిటమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

పదకొండో రోజున ఆరువందల పదమూడుతో భాగిస్తే శేషం సున్నా వచ్చింది. తవిటమ్మ లేచి వరండాలోకి వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి సరిచూసింది. మధ్యలో ఒక తీసివేత తప్పు చేసింది. అది సరిచేస్తే శేషం మిగిలింది. అదొక్కటే కాదు, అలా ఇంకెక్కడ పొరబడిందోనన్న భయం పట్టుకుంది. తప్పుగా కొట్టేసిన వాటిలోనే అసలుది ఉండిపోతే? మొదటినుంచీ చేసినవన్నీ మళ్ళీ సరిచూడడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అప్ప ఆయుష్షులోంచి తాను తీసుకున్నట్టే ఆమెకి అనిపించింది.

ఆ వారంలోనే అప్పన్న ఒక్కడే కొండెక్కి వచ్చాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"మరదలా, నీ అప్ప పిక్కలు కొడతా కొడతా బల్ల మీదకి వాలిపోనాది. నీళ్ళు కొడితే లేచినాది. ఆ చీటీలో ఏటుందో నిజం చెప్పు."

తవిటమ్మ చెప్పింది. నలభై మందికి చెప్పిన మాటలు నలభై ఒకటోసారి నోట్లోంచి రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

అప్పన్న మెట్టు మీద కూర్చున్నాడు. "అది చదువుకోలేదు గానీ నా మొకం మట్టుకు చదివేస్తాది. ఇప్పుడింటికి ఏ మొకంతో పోను?"

"ఇంకో పది రోజులు ఆగు బావా."

"పది రోజులకేటవుతాది?"

తవిటమ్మ మసి అంటిన వేళ్ళు కొంగులో తుడుచుకుంది.

ఇరవై ఏడో రోజు మధ్యాహ్నం, వరసలో రెండువందల నలభై రెండో ప్రధాన సంఖ్య దగ్గర, శేషం మిగల్లేదు. 1531. తవిటమ్మ ఈసారి లేవలేదు. నాలుగుసార్లు చేసింది. తిరగవేసి హెచ్చవేసింది. మిగలడం లేదు. భాగఫలం 1,40,53,051. అందులో ఎనిమిదే అంకెలు. ఇప్పుడా సంఖ్య ఆఫీసు కాలిక్యులేటర్లో పడుతుంది. సాయంత్రం దీపాలు పెట్టకముందే అది కూడా విడిపోయింది. 3061, 4591.

మూడు.

కాగితం పట్టుకుని వెళ్ళి డాక్టరు గారి ముందు పెట్టింది. ఆయన విసుగ్గా చూశారు, తరవాత పెన్సిల్ తీసుకుని తానే హెచ్చవేయడం మొదలుపెట్టారు. నిలబడే చేశారు. చివరి అంకె రాసి, కార్డులో ఉన్న సంఖ్య పక్కన పెట్టి, వేలితో ఒక్కో అంకే తడుముకుంటూ చదివారు.

"ఇది... ఇది ఎలా కుదురుతుంది? నాలుగుసార్లూ..."

"సార్, ఇంకొకటి. ఒక్కొక్కదాంట్లోంచి ఒకటి తీసేస్తే వరసలో ఉన్నాయి. పదిహేనువందల ముప్పై. దానికి రెట్టింపు. దానికి మూడు రెట్లు."

పట్నాయక్ గారు కుర్చీలో కూర్చున్నారు.

"మంచి గుండెలో మూడు రోకళ్ళూ అదే వరసలో ఉంటాయమ్మా. ఒకటి, రెండు, మూడు," అన్నారు. "నీ అప్ప గుండెలో ప్రతిదీ ఒక్క టిక్కు జారింది. ఒక్క టిక్కు. ఇలాంటి సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేదాన్ని నీ వరసలోని ఆ మూడూ నిశ్శేషంగా భాగిస్తాయి. అప్పుడిక ఏ సాక్షిని పిలిచినా ఒకటే చెబుతుంది. నాలుగు కాదు, నాలుగువేల మందిని పిలిచినా ఒంటి అనే అంటుంది." ఆయన అరచేత్తో మొహం రుద్దుకున్నారు. "బాగా చెడిపోయిన గుండెల్ని ఉంచుకుని బాగుచేశాను. బాగవడానికి అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్ళని ఇంటికి పంపించేశాను."

గురు, శుక్రవారాలు ఆయన యంత్రాన్ని మామూలు భాగహారానికి తిప్పి ఇనప సొరుగులోని కార్డులు ఒక్కోటీ పెట్టారు. కార్డుకి గంట. మొదటి పదిలో ఏడు నిజంగానే ఒంటివి. మూడు విడిపోయాయి. ఆ ముగ్గురికీ ఉత్తరాలు రాయమని చెప్పబోయి, కార్డుల మీది తేదీలు చూసి ఊరుకున్నారు. మూడూ రెండేళ్ళ కిందటివి.

శనివారం పొద్దున పైడితల్లిని తట్టడానికి ఏర్పాటు చేశారు. తవిటమ్మ అలవాటు ప్రకారం ఏడింటికే వచ్చి, ముందురోజు పరీక్ష చేసినవాళ్ళకి బల్ల మీదున్న చీటీలు పంచింది. చెవులు మాత్రం బస్సు చప్పుడు కోసం రిక్కించి ఉన్నాయి. తొమ్మిదింటికి అప్పన్న పెళ్ళాన్ని దాదాపు మోసుకుంటూ తెచ్చాడు.

బల్ల మీద పడుకుని పైడితల్లి తీగల్ని చూసింది. "డాక్టరు బాబూ, కరెంటు పెడతారంట కదా. నా మొగుడికి కూడా కొంచెం పెట్టండి, పనిలోకెల్తాడేమో."

ఆమె చెల్లెలి వైపు చూసి, మెల్లిగా, "మందులు మార్చడమంటే ఇదేటే?" అంది.

"ఇదే."

"నీకు అబద్ధమాడ్డం చిన్నప్పట్నుంచీ రాదు," అని కళ్ళు మూసుకుంది.

డాక్టరు గారు మీట నొక్కారు. యంత్రం ముందున్న అద్దంలో 21,51,52,21,081 ఎర్రగా వెలుగుతోంది. మొదటి రోకలిని తట్టారు. పైడితల్లి భుజాలు ఒక్కసారి ఎగిరాయి. అద్దంలో అంకెలు కలగాపులగమై మళ్ళీ నిలిచాయి.

21,50,11,68,030.

పట్నాయక్ గారి మొహంలో నెత్తురు లేదు. "తగ్గలేదు," అన్నారు. "అప్పుడూ ఇంతే. ఆ ఇద్దరికీ ఇలాగే, దాదాపు అక్కడే నిలిచిపోయింది. రెండో తట్టుకి పోయారు." ఆయన చెయ్యి యంత్రం ఆపే మీట మీదికి వెళ్ళింది. బల్ల మీద పైడితల్లి పెదవులు నల్లబడుతున్నాయి.

"సార్, ఆగండి." తవిటమ్మ చేతిలో కాగితం అప్పటికే నలిగిపోయి ఉంది. "నిన్న వేసి పెట్టుకున్నాను. ఒక్కటే వరసలోకొస్తే మిగతా రెండూ అలాగే ఉంటాయి కదా. పదిహేనువందల ముప్పైని ఆ రెండింటితో హెచ్చవేస్తే ఇదే రావాలి. చూడండి. చివర ముప్పై."

డాక్టరు గారు కాగితం చూశారు. అద్దం చూశారు. ఒక్కో అంకే పెదాలతో చదివారు. ఆయన చెయ్యి మీట మీద అలాగే ఉంది.

"నేను మళ్ళీ..." అంటూనే రెండో రోకలిని తట్టారు.

అంకెలు పరుగెత్తాయి. 1,40,48,460. కోట్లు జారిపోయాయి. అప్పన్న గోడకి ఆనుకుని, ఏం జరిగిందో తెలియక, అందరి మొహాలూ చూస్తున్నాడు. మూడో తట్టు. పైడితల్లి నోరు తెరిచింది. ఒక క్షణం అద్దంలో ఏమీ లేదు.

9,180.

నాలుగు అంకెలు. అవి మారలేదు. మారకుండా వెలుగుతున్నాయి. పైడితల్లి మొహంలోకి రంగు కిందినుంచి పైకి మెల్లిగా వచ్చింది. డాక్టరు గారు స్టూలు మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నారు.

"అయిపోనాదా?" అంది పైడితల్లి. "ఏటే, అంతా అలగున్నారు? ఒసే తవిటీ, ఎక్కడికే?"

తవిటమ్మ అప్పటికే గుమ్మం దాటింది. పొద్దున పంచిన చీటీలు నాలుగు. మూడు తెల్లవి. నాలుగోది ఎరుపు. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి, పేరు కూర్మయ్య. ఉప్పుకి పగిలి, పగుళ్ళలో తెల్లగా పొడి కట్టిన చేతులు. శుక్రవారం సాయంత్రం యంత్రం మళ్ళీ పాత పద్ధతిలోనే అతన్ని పరీక్షించింది, మార్చాలని ఎవరికీ తోచలేదు. సాక్షులు అబద్ధం చెబుతారని తెలిసిన తవిటమ్మే, అప్ప బస్సు వచ్చిందేమోనని చూస్తూ, అలవాటైన చేత్తో ఆ చీటీ ఇచ్చేసింది. ఇంటికి తీసికెళ్ళండని కూడా చెప్పింది.

కొండ మెట్లు రెండేసి దాటుకుంటూ దిగింది. ఒక చెప్పు తెగింది, వదిలేసింది. కింద రోడ్డు మీద ఆ పూట మొదటి టెక్కలి బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. కూర్మయ్య పెళ్ళాం మూటని లోపలికి అందిస్తోంది. అతను మెట్టు కడ్డీ పట్టుకుని, ఎక్కడానికి బలం కూడదీసుకుంటున్నాడు.

"ఆగండి! బాబూ, ఆగండి!"

"ఏటమ్మా, ఏదైనా మరిచిపోనామా?" అంది పెళ్ళాం, మూట మీద చెయ్యి తీయకుండా.

తవిటమ్మకి ఊపిరి అందలేదు. "ఆ చీటీ... ఆ చీటీ ఇలా ఇవ్వండి. కొండ మీదకి మళ్ళీ రండి. అది తప్పయి ఉండొచ్చు."

కూర్మయ్య జేబులోంచి చీటీ తీశాడు. నాలుగు మడతలు పెట్టుకున్నాడు. దాని మీద పదకొండు అంకెలు. తవిటమ్మ వాటిని చదివింది. అందులో మూడు పోదు, ఐదు పోదు. అంతకుమించి ఏమీ చెప్పడానికి లేదు. పది కార్డుల్లో ఏడు నిజంగానే ఒంటివి.

"ఎక్కుతారా, ఎక్కరా? మీ ఒక్కళ్ళ కోసం బండి ఆపుతానా?" అని కండక్టరు లోపల్నించి అరిచాడు.

"బతుకుతానా అమ్మా?" అన్నాడు కూర్మయ్య.

"తెలీదు బాబూ," అంది తవిటమ్మ. "ఇంకా భాగించలేదు."

అతను పెళ్ళాం వైపు చూశాడు. ఆమె తవిటమ్మ మొహంలోకి కాసేపు నిదానంగా చూసి, బస్సులోకి ఎక్కించిన మూటని రెండు చేతులతో కిందికి లాగింది.